కిలిమంజారోకి ఎన్ని రోజులు కావాలి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

టాంజానియా ఉత్తరాన ఉన్న కిలిమంజారో గురించి ఈసారి ఉత్తరాలు గుట్టగా వచ్చాయి. ఎత్తు 5,895 మీటర్లు, ఆఫ్రికా ఖండంలో అంతకు మించిన శిఖరం లేదు. అయినా తాళ్లు, మంచుగొడ్డళ్లు లేకుండా నడిచే ఎక్కొచ్చు కాబట్టి మనవాళ్లకు దాని మీద మోజు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

మాకు దొరికే సెలవు పది రోజులే. మరంగు దారిలో అయిదు రోజుల్లో ఎక్కి దిగొచ్చట, టెంట్లు కాకుండా గుడిసెల్లో మంచాల మీద పడుకోవచ్చట, ఖర్చూ తక్కువట. అది తీసుకోమంటారా?
– ఇద్దరు మిత్రులు, గచ్చిబౌలి

వద్దండీ. ఎందుకో లెక్క వేసి చూడండి. మరంగు దారిలో మొదటి రాత్రి మందారా గుడిసెలు, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరొంబో, 3,720. మూడో రాత్రి కిబో, 4,720. ఆ రాత్రయినా నిద్ర ఉండదు, అర్ధరాత్రికే శిఖరానికి బయల్దేరదీస్తారు. అంటే రోజుకు వెయ్యి మీటర్ల చొప్పున పడుకునే ఎత్తు పెరుగుతోంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచన, ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వకపోతే తలనొప్పి, వికారంతో ఎత్తు జబ్బు పట్టుకుంటుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. అయిదు రోజుల మరంగులో ఆ సూత్రం మూడో రోజుకే గాలికి పోయింది. ఈ కొండ మీద వెనక్కి తిరిగేవాళ్లలో ఎక్కువమందిని ఓడించేది కాళ్లు కాదు, ఈ తొందర. మరంగే కావాలంటే హొరొంబోలో ఒక రాత్రి అదనంగా ఉండేలా ఆరు రోజులు తీసుకోండి.

మీ పది రోజుల్లో ఇమిడేది మచామే దారి, ఏడు రోజులది. సుమారు 1,800 మీటర్ల దగ్గరున్న గేటు నుంచి మొదటి రోజు మచామే క్యాంపు, 2,835. రెండో రోజు షీరా, 3,750. మూడో రోజు అసలు కిటుకు ఉంది. పొద్దున్నే లావా టవర్ దాకా, అంటే 4,600 మీటర్లకు ఎక్కించి, అక్కడ భోజనం పెట్టి, సాయంత్రానికి బరాంకో క్యాంపుకు దించేస్తారు. అది 3,976. పగలు ఎత్తు రుచి చూపి రాత్రి కిందికి తెచ్చి పడుకోబెట్టడమన్నమాట. లావా టవర్ దగ్గర కొందరికి తలనొప్పి వస్తుంది, బరాంకో చేరేసరికి తగ్గుతుంది. కంగారు పడకండి. నాలుగో రోజు బరాంకో గోడ ఎక్కాలి. చేతులు ఆనించి ఎక్కే రాతి వరస అది, చూడ్డానికే భయం. ఆ రాత్రి కరంగాలో, 3,995. అయిదో రోజు బరాఫు, 4,673. ఆ అర్ధరాత్రే శిఖరానికి.

ఆరు రోజుల మచామేలో తీసేసేది ఆ కరంగా రాత్రినే. బరాంకో నుంచి నేరుగా బరాఫుకు నడిపించి, నాలుగైదు గంటలు నడుం వాల్చగానే లేపుతారు. మిగిలేది ఒక్క రోజు ఖర్చు, పోయేది శిఖరం. వెళ్లిరావడానికి, మధ్యలో కొండ కింది మోషీ ఊళ్లో ఒక రాత్రికి కలిపి మూడు రోజులు పోయినా మీకు ఏడు మిగులుతాయి. ఇంకో రెండు రోజులు సెలవు పెట్టగలిగితే ఎనిమిది రోజుల లెమోషో దారి ఇంకా మేలు.

ఒక కంపెనీ మనిషికి 1,200 డాలర్లకే ఏడు రోజుల మచామే తిప్పుతానంటోంది, ఇంకొకటి 2,200 అడుగుతోంది. తేడా ఎక్కడ?
– ఓ పాఠకుడు, ఖమ్మం

పోర్టర్ల కడుపులో. కిలిమంజారో జాతీయ పార్కు రుసుములు ఎవరికైనా ఒకటే. రోజుకు 70 డాలర్ల చొప్పున ఏడు రోజులకు 490, క్యాంపుకు రాత్రికి 50 చొప్పున ఆరు రాత్రులకు 300, రెస్క్యూ రుసుము 20. మొత్తం 810, దాని మీద 18 శాతం పన్ను. దగ్గర దగ్గర 956 డాలర్లు. 1,200లో ఇక మిగిలింది 244. దాంట్లోంచే తిండి, టెంట్లు, గేటు దాకా బండి, ఒక్కో యాత్రికుడికి నలుగురైదుగురు మనుషుల వారం జీతం, యజమాని లాభం అన్నీ రావాలి. కుదరదు కదా. ఆ బృందంలో పోర్టర్లకు జీతం ఎగ్గొడతారు, లేదా ఒక పూటే తిండి పెడతారు, లేదా ఆక్సిజన్ సిలిండర్ లేకుండా కొండెక్కిస్తారు.

1991 నుంచి లైసెన్సు ఉన్న గైడు లేకుండా ఎక్కనివ్వరు, కాబట్టి కంపెనీ తప్పదు. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థతో భాగస్వామిగా ఉన్నారా అని అడగండి. జీతాలు, తిండి, మోసే బరువు సరిగా ఉన్నాయో లేదో వాళ్లు కొండ మీదే చూస్తారు. ఒక్కో పోర్టరు 20 కిలోలకు మించి మోయకూడదు, అందులో మీ సంచి 15 కిలోలు దాటకూడదు. గేటు దగ్గర తూకం వేస్తారు.

టిప్పులు వేరే. ఇవి గుంపంతా కలిసి ఇచ్చేవి. సాధారణంగా రోజుకు ప్రధాన గైడుకు 20, సహాయ గైడుకు 15, వంటవాడికి 12, ఒక్కో పోర్టరుకు 8 డాలర్లు. ఇద్దరు యాత్రికులకు ఏడుగురు పోర్టర్లనుకుంటే రోజుకు 103, వారానికి 721. చెరి సగం. చివరి రోజు అందరూ ఉండగా, ఎవరికెంతో చదివి వినిపించి ఇవ్వండి. గైడు చేతిలో మొత్తం పెట్టేసి వస్తే కింది వాళ్లకు ఎంత అందుతుందో చెప్పలేం. నోట్లు కొత్తవి తీసుకెళ్లండి, చిరిగినవీ మరీ పాత ముద్రణవీ అక్కడ మారవు.

రోజూ గంటసేపు జిమ్ చేస్తాను. ఏడాదికోసారి తిరుమల మెట్లెక్కుతాను. ఇది సరిపోతుందా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

ఎక్కడానికి సగం సరిపోతుంది, దిగడానికి అస్సలు చాలదు. బరాఫు నుంచి శిఖరానికి ఒక్క రాత్రిలో 1,222 మీటర్లు ఎక్కాలి. మూడు మీటర్ల అంతస్తు లెక్కన 400 పైచిలుకు అంతస్తులు. ఆ వెంటనే, అదే రోజు, 5,895 నుంచి సుమారు 3,100 దగ్గరున్న మ్వేకా క్యాంపు దాకా దిగాలి. దాదాపు 2,800 మీటర్ల దిగుడు. మోకాళ్లు పట్టేసేది, తొడలు వణికేది, బొటనవేలి గోళ్లు నల్లబడేది అక్కడే. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, శ్రీవారిమెట్టులో 2,388. అందరం ఎక్కేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు బస్సెక్కుతాం. సాధన కోసమైతే దిగేటప్పుడూ నడవాలి. ఆ దారుల్లో బూట్లతో నడవం కాబట్టి బూట్ల సాధన అనంతగిరిలోనో మీ అపార్ట్‌మెంటు మెట్ల మీదో చేసుకోండి.

పన్నెండు నుంచి పదహారు వారాలు పెట్టుకోండి. వారానికి మూడు రోజులు గంటసేపు వేగంగా నడక. రెండు రోజులు వీపున సంచితో మెట్లు, నాలుగు కిలోలతో మొదలుపెట్టి ఎనిమిది దాకా పెంచుతూ. ఆదివారం అయిదారు గంటల నడక. ఆఖరి నెలలో శని, ఆదివారాలు రెండూ వరసగా నడవండి, అలసిన కాళ్లతో నడవడం అలవాటు కావాలి. బయల్దేరే ముందు వారం మాత్రం విశ్రాంతి.

ఎత్తుకు అలవాటు పడడం మన ఊళ్లలో కుదరదు. తూర్పు కనుమల్లో ఎక్కడా 2,000 మీటర్ల ఎత్తు లేదు. ఎంత జిమ్ చేసినా ఎత్తు జబ్బు రాదన్న హామీ లేదు. పైగా కండబలం ఉన్న కుర్రాళ్లే వేగంగా నడిచి ముందు పడిపోతారు. అక్కడి గైడ్లు ఊపిరికొకసారి అనే మాట ‘పోలే పోలే’. స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని. పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగితే మీ వేగం సరైనది.

బూట్లు అర సైజు పెద్దవి కొనండి, కనీసం 80 కిలోమీటర్లు నడిచి మెత్తబరచండి. దిగుడు మొదలయ్యే ముందు గోళ్లు కత్తిరించుకుని, మడమ వెనక్కి ఆనేలా చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి. అటక మీద అయిదారేళ్లుగా ఉన్న బూట్లను నమ్మకండి. చూడ్డానికి కొత్తగానే ఉంటాయి, లోపల సోలు నురగ తేమకు చితికిపోయి రెండో రోజుకల్లా ఊడి చేతికొస్తుంది. ఇంకో సంగతి, విమానంలో బూట్లు కాళ్లకే వేసుకోండి. సంచి తప్పిపోతే మిగతావన్నీ మోషీలో అద్దెకు దొరుకుతాయి, మీ కాలికి అలవాటైన బూట్లు దొరకవు.

డయామాక్స్ వేసుకుంటే ఎత్తు జబ్బు రాదా? ఎప్పటినుంచి వేసుకోవాలి?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

ఆ మందు అసలు పేరు అసిటజోలమైడ్. శరీరం ఎత్తుకు అలవాటుపడే పనిని వేగిరపరుస్తుందే తప్ప జబ్బును కప్పిపుచ్చదు. పెద్దవాళ్లకు ముందుజాగ్రత్త మోతాదు 125 మిల్లీగ్రాములు, పొద్దున, సాయంత్రం. మన మందుల షాపుల్లో దొరికేది ఎక్కువగా 250 మాత్ర, అంటే పూటకు సగం. ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు మొదలుపెట్టి, శిఖరం నుంచి దిగడం మొదలయ్యాక ఆపేస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. ఊళ్లో ఉండగానే రెండు రోజులు వేసుకుని చూడండి. వేళ్ల చివర్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. ఇవి మామూలే. ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆపండి.

మందు వేసుకున్నా సరే, లక్షణాలు తెలిసుండాలి. తలనొప్పితోపాటు వికారమో, తల తిరుగుడో, ఒళ్లు తేలిపోయే నీరసమో ఉంటే అది ఎత్తు జబ్బే. ఆ రోజు పైకి వెళ్లకూడదు. పారాసెటమాల్, నీళ్లు, విశ్రాంతితో తగ్గితే మర్నాడు కదలొచ్చు. ప్రమాదమైనవి రెండు. మెదడులో నీరు చేరితే మనిషి తాగినవాడిలా తూలతాడు, మాట తడబడుతుంది. నేల మీద గీత గీసి, మడమకు వేళ్లు ఆనిస్తూ పదడుగులు నడవమనండి. నడవలేకపోతే ఇక చర్చ వద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గులో గులాబీ రంగు నురగ పడొచ్చు. రెండింటికీ మందు ఒకటే, కిందికి దించడం. అర్ధరాత్రయినా సరే, ‘తెల్లారాక చూద్దాం’ అనకుండా. ఆక్సిజన్, ఇంజెక్షన్లు ఆ దించే దారిలో తోడు మాత్రమే.

రాత్రుళ్లు గైడ్లు వేలికి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు పెడతారు. ఇంట్లో 98 చూసే అలవాటుతో అక్కడ 82 చూసి హడలిపోకండి. ఆ ఎత్తులో అది అరుదు కాదు. చెయ్యి చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా తప్పు చూపిస్తుంది. అరచేతులు రుద్దుకుని మళ్లీ పెట్టించుకోండి. అంకె కన్నా లక్షణాలనే నమ్మండి. తలనొప్పిని గైడు దగ్గర దాచడం మాత్రం అన్నిటికన్నా తెలివితక్కువ పని.

శిఖరం రాత్రి ఏం వేసుకోవాలి? అసలు అర్ధరాత్రి ఎందుకు ఎక్కిస్తారు?
– కాలేజీ విద్యార్థులు, విశాఖపట్నం

రాత్రి చలికి జారే కంకర గడ్డకట్టి కాలికి పట్టు దొరుకుతుంది. ఎండెక్కితే రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారతాం. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది కాబట్టి ఆలోపు కిందికి రావాలి కూడా.

పదకొండింటికి లేపి టీ, బిస్కెట్లు ఇస్తారు. ఆకలి ఉండదు, అయినా తినండి. చలి సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కింద ఉండొచ్చు, గాలి వేరే. పైన నాలుగు పొరలు: ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఉన్నిలాంటి మెత్తటి ఫ్లీస్, ఈకల జాకెట్, గాలి దూరని కోటు. కింద థర్మల్, ఫ్లీస్ ప్యాంటు, గాలి దూరని ప్యాంటు. నూలు బట్ట ఒక్కటీ వద్దు, బనియను కూడా. చెమట పీల్చుకుని ఆరదు, అదే చలై వణికిస్తుంది. చేతులకు పల్చటి గ్లోవ్స్, వాటి మీద వేళ్లన్నీ కలిసుండే మందపాటి మిట్టెన్లు. తలకు మన మంకీ క్యాపు చాలు, దాని ముందు ఫ్యాషన్ టోపీలు దిగదుడుపే.

మొదటి గంటలో అందరూ చేసే తప్పు ఒకటుంది. టెంటు బయట చలికి భయపడి అన్నీ తొడుక్కుని బయల్దేరతారు, అరగంటకు లోపల చెమట పడుతుంది, మొదటిసారి ఆగగానే అది చల్లబడి ఎముకలు కొరుకుతుంది. కాస్త చలేస్తుండగానే బయల్దేరండి, ఈకల జాకెట్ సంచిలో పైన ఉంచుకోండి, ఆగినప్పుడు వేసుకోండి.

గొట్టంతో నీళ్లు పీల్చుకునే సంచులు ఆ రాత్రి పనికిరావు, గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి. వెడల్పు మూతి సీసాల్లో వేడినీళ్లు పోసి, ఉన్ని సాక్సులో దూర్చి, సంచిలో తలకిందులుగా పెట్టండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది, తలకిందులుగా ఉంటే మూతి దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. బరాఫులో నీటి వనరు లేదు, కరంగా నుంచి పోర్టర్లు మోసుకొస్తారు. బరాఫు అంటే స్వాహిలీలో మంచుగడ్డ, ఆ పేరు చూసి మోసపోకండి. ఫోను, టార్చి అదనపు బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనేలా ఉండాలి. చలికి చార్జీ చూస్తుండగానే పడిపోతుంది.

ఆరేడు గంటలకు 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్ వస్తుంది. చాలామంది అక్కడే కూలబడతారు. ఉహురు శిఖరం, అంటే 5,895 మీటర్ల అసలు కొన, ఇంకో ముప్పావుగంట, గంట దూరం, కానీ ఏటవాలు తక్కువ. తలనొప్పి, తూలుడు లేకుండా ఉత్త అలసటే అయితే అక్కణ్నుంచి వెనక్కి రావద్దు. శిఖరం మీద పావుగంట చాలు.

ఆరు రాత్రులు టెంట్లలో ఉంటూ నెలసరి వస్తే ఎలా? వాయిదా మాత్రలు వేసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

ప్రయాణానికీ శ్రమకూ తేదీ రెండు మూడు రోజులు అటూ ఇటూ జరగొచ్చు, కాబట్టి లెక్క ప్రకారం రాదనుకున్నా సామాను పెట్టుకోండి. వాడిన ప్యాడ్లు మరుగుదొడ్డి గుంటలో వేయకూడదు. కాగితంలో చుట్టి, లోపల కనబడని సంచిలో వేసి కిందికి తేవాలి. నెలసరి కప్పు అలవాటున్నవాళ్లకు కూడా అక్కడ కష్టమే, చేతులు శుభ్రంగా కడుక్కునే నీళ్లు ఉండవు. కంపెనీని ముందే అడిగితే మీ గుంపుకి విడిగా టాయిలెట్ టెంటు తెస్తారు, దానికి పెట్టే డబ్బు దండగ కాదు. పూజలకూ పెళ్లిళ్లకూ వాడే వాయిదా మాత్రలు ఇంట్లో మిగిలాయి కదా అని వేసుకోకండి. అవి హార్మోన్ మాత్రలు. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే మరీ ముఖ్యంగా గైనకాలజిస్టును అడిగి తీరాలి. రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గించేవాళ్లున్నారు. అది ఇంకా చేటు. రోజుకు మూడు లీటర్లు తగ్గకూడదు.

మా నాన్నగారికి 57 ఏళ్లు, షుగరుంది, ఇన్సులిన్ వాడతారు. నాతో వస్తానంటున్నారు.
– ఓ పాఠకుడు, డాలస్

వయసు అడ్డు కాదు. ముందు గుండె పరీక్ష, కంటి రెటీనా పరీక్ష చేయించండి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పని చేయదు, పగలు ఒంటికి ఆనేలా జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలి. గ్లూకోమీటరు చలికి తప్పు చూపిస్తుంది, దాన్నీ వెచ్చగా ఉంచి వాడండి, రెండోది వెంట ఉంచుకోండి. రోజంతా నడకతో షుగరు పడిపోతుంది, పైగా ఆకలి ఉండదు. షుగరు పడిపోయినా మనిషి తికమకపడతాడు, తూలతాడు. ఎత్తు జబ్బులోనూ అంతే. ఏది ఏదో గైడుకు తెలియదు. కాబట్టి తూలితే ముందు గ్లూకోజు ఇచ్చి, షుగరు చూసి, అది సరిగా ఉంటే వెంటనే దించాలని గైడుకు మొదటి రోజే చెప్పి ఉంచండి. మోతాదులు ఎంత తగ్గించాలన్నది ఆయన డాక్టరే రాసివ్వాలి.

పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఏం దొరుకుతుంది?
– ఓ కుటుంబం, తెనాలి

ఆకలితో ఉండరు. పొద్దున ‘ఉజి’ అని జావ ఇస్తారు, మన జావకు చుట్టమే. ‘ఉగాలి’ మొక్కజొన్న పిండి సంకటి. కూరగాయల సూపు, అన్నం, బంగాళాదుంపలు, అరటికాయ కూర. ‘సిలి న్యామ’ అంటే మాంసం తినను, ‘సిలి మయాయి’ అంటే గుడ్డు తినను. వంటవాడికి మొదటి రోజే చెప్పండి, లేకపోతే పాన్‌కేకుల్లో గుడ్డు కలుస్తుంది. 4,000 మీటర్లు దాటాక నోటికి ఏదీ రుచించదు. అప్పుడు కందిపొడి డబ్బా ప్రాణం నిలబెడుతుంది. ఆవకాయ సీసా వద్దు, నూనె కారి బట్టలన్నీ పాడవుతాయి. శిఖరం రాత్రికి పల్లీ పట్టీలు చిన్న ముక్కలు చేసుకుని జేబులో వేసుకోండి, పెద్ద ముక్క చలికి పన్నుకు లొంగదు.

పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది కదా, మా 11 ఏళ్ల అబ్బాయిని కిలిమంజారోకు తీసుకెళ్లొచ్చా?
– ఓ తండ్రి, నిజామాబాద్

మలావత్ పూర్ణ 2014 మే 25న ఎక్కింది. దానికి ముందు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ ఉంది. పార్కు నిబంధన పదేళ్లు నిండితే ఒప్పుకుంటుంది, మేం మాత్రం ఆగమంటాం. పిల్లలు తలనొప్పిని సరిగా చెప్పలేరు, నాన్న బాధపడతాడని దాస్తారు కూడా.

చిన్న చిన్నవి

వెళ్లడానికి మంచి నెలలు జనవరి, ఫిబ్రవరి, తర్వాత జూన్ చివరి నుంచి అక్టోబరు. మార్చి నడుమ నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు.

విమానం అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో మారి 12 గంటలకు మించి ఆగితే ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. మోషీలో దోమలున్నాయి, మలేరియా మాత్రల సంగతి ప్రత్యేకంగా డాక్టరును అడగండి.

ప్రయాణ బీమా పత్రంలో ‘ట్రెక్కింగ్, 6,000 మీటర్ల వరకు’ అని అక్షరాలా ఉండాలి. ఏజెంటు నోటిమాట పనికిరాదు.

స్లీపింగ్ బ్యాగు మీదుండే అంకెల్లో రెండు చూడండి. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది చావకుండా ఉండే చలి, ‘కంఫర్ట్’ అన్నది నిద్రపట్టే చలి. కంఫర్ట్ సున్నాకు పది డిగ్రీలు కింద ఉన్నది తీసుకోండి.

టాంజానియాలో 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. బట్టలు కవర్లలో చుట్టే అలవాటు మానుకుని గుడ్డ సంచుల్లో సర్దుకోండి.